బాపు నాటిన నీటిగడ్డి

నిజామాబాద్,
మంగళవారం.

అక్కా,

బాపుకు కాలు నొప్పి తగ్గింది. ఇప్పుడు కర్ర లేకుండానే నడుస్తున్నాడు.

మా అక్వేరియంలో చేపల మధ్య పొడవాకుల మొక్కలు వేశాను. మన బోధన్ కాలువలో పెరిగే నీటిగడ్డే అది. చిన్నప్పుడు నువ్వు దాన్ని జడకు కలిపి అల్లుకుని పెళ్ళికూతురివయ్యేదానివి, గుర్తుందా? చెరకుకు నీళ్ళు పారడం లేదని బాపు రోజంతా కాలువలో దిగి దాన్నే పీకేవాడు.

ఇక్కడ ఎన్నిసార్లు నాటినా కుళ్ళిపోయేది. మొన్న ఇసుకలో ఇంకాస్త లోతుగా గుచ్చుతుంటే, అమ్మ పోయినప్పటి నుంచి పెద్దగా మాట్లాడని బాపు మంచం మీద నుంచి అరిచాడు.

"మొదలు పూడ్సకు బిడ్డా! గట్ల జేస్తే సస్తది. దాన్ని సంపాల్నంటే మేము గట్లనే మట్టిల తొక్కుతుంటిమి."

తనే వచ్చి నీళ్ళలో చెయ్యి పెట్టి, మొక్కల వేర్లను మాత్రం ఇసుకలో ఉంచి మొదళ్ళు పైకి తేల్చాడు.

"నలభై ఏండ్లు పీకిన. గిప్పుడు నాటుతున్న" అని నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

ఈ రోజు పొద్దున్నే నన్ను లేపి రెండు కొత్త ఆకులు చూపించాడు.

ఆదివారం ఆయనను తీసుకుపోతానన్నావు. నువ్వు తప్పకుండా రా అక్కా. కానీ బాపును ఇంకో నెల నా దగ్గరే ఉండనివ్వు.

నీ చెల్లెలు