పూజ బీరువా

ఆదివారం, రాత్రి

చిత్రోత్సవం ఇవాళ్టితో ముగిసింది. చివరిది యానిమేషన్ సినిమా. మతం పేరుతో ఊరును ఏలేవాళ్ళు ప్రేమికులిద్దరిని విడదీసి, అమ్మాయిని ఇంట్లో బంధిస్తారు. నా పక్కన కూర్చున్న బావమరిది, అంటే నా భార్య లలిత వాళ్ళ అన్నయ్య, కళ్ళు తుడుచుకున్నాడు.

బయటికొచ్చాక, "చూస్తివా బావా, ఆ పిల్లను ఎట్లా కట్టేసినారో!" అన్నాడు.

"నా ఫోన్ యాడ మామా?" అంది మా అమ్మాయి సుధ.

"నీ మంచికే దాచినా. ఆ అన్వర్‌ది గూడా సినిమాలో వాళ్ళ మతమే గదా. ఇంకా బుద్ధి రాలేదా?"

"బొమ్మ కోసం ఏడిస్తివే మామా, నాకోసం ఏడవ్వా?"

ఆయన ఆటో పిలిచాడు.

లలిత పోయాక, ఏడాది మైల అని పూజ బీరువాను మేం ముట్టుకోవడం లేదు. మైల లేని ఆయనే రోజూ వచ్చి దీపం పెడతాడు. ఫోన్ అక్కడే, పటాల వెనక ఉంది. బీరువాకు తాళం లేదు. మేం ముట్టమని ఆయన ధీమా.

పోయేముందు కదిర్కామం ఆసుపత్రిలో లలిత అన్వర్‌ను అల్లుడని పిలిచినప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు. ఇవాళ ఆ కన్నీళ్ళు చూస్తే అసహ్యం వేసింది.

ఏడాది నిండకుండా ముట్టుకుంటే పోయినవాళ్ళకు మంచిది కాదంటారు. ఏమో, లలితకు...

రేపు ఉదయం ఆయన రాకముందే బీరువా తెరిచి, ఫోన్ సుధ చేతికిస్తాను. దీపం కూడా నేనే పెడతాను.