డీజిల్ ఇంజిన్ దించేశాక దసరా

అన్నా,

నువ్వు పంపుసెట్టు ఇంజిన్ బిగించి నడిపిన డీజిల్ మోటార్‌సైకిల్ ఈ వానాకాలంలో పూర్తిగా మొరాయించింది. షిఫ్టు దిగాక రోజూ పటాన్‌చెరులో పాత సామాన్ల షాపులన్నీ తిరిగాను. దానికి సరిపోయే పిస్టన్ ఎక్కడా దొరకలేదు. తిరిగి తిరిగి విసిగిపోయి, రుద్రారంలో ఇంజిన్ దింపించేసి బ్యాటరీ, మోటారు పెట్టించాను. వదిన వద్దనలేదు, సరేననీ అనలేదు.

ఈరోజు దసరా, నువ్వు పోయాక రెండోది. వదిన బండికి పసుపు కుంకుమలు పెట్టి, టైరు కింద నిమ్మకాయ ఉంచి, హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది. ఇంజిన్ స్టార్టయ్యాకే హారతి ఇవ్వడం మనింట్లో అలవాటు కదా. నేను తాళం తిప్పి కూర్చున్నాను. ఆమె ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

"స్టార్ట్ చెయ్యి తమ్మీ, కర్పూరం అయిపోతున్నది."

"అయింది వదినా. గిది చప్పుడు చెయ్యదు."

నమ్మలేక ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూసింది. నీ ఇంజిన్ నడిస్తే గోడ మీది సీసాలు కూడా ఊగేవి.

"గింత సల్లగ ఉన్నదేంది?" అంది.

బండిని ముందుకు పోనిచ్చాను. ఇన్నేళ్లలో మొదటిసారి నిమ్మకాయ చితికిన చప్పుడు వినపడింది.