జనరల్ లెక్కలే చాలన్న ఉత్తరం

కొత్తవాడ, వరంగల్లు
10-6-1977

భీవండిలో ఉన్న కొడుకు రాజమల్లుకు, కోడలు చిలుకమ్మకు తల్లి పోశవ్వ దీవించి చెప్పి రాయిస్తున్న సంగతులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీరూ, చిన్నపిల్లలూ మంచిగా ఉన్నారని తలుస్తున్నాను. మృగశిర వచ్చింది గాని మబ్బు రాలేదు. ఈ ఉత్తరం రాస్తున్నది నీ పెద్దబిడ్డ అనసూర్యే. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలని ముందే గట్టిగా చెప్పి కూర్చోబెట్టాను.

బడిలో లెక్కలు చెప్పే విజయలక్ష్మి టీచరు పిల్ల దగ్గర చిరునామా తీసుకొని నీకు ఉత్తరం వేసిందట. ఒక దిక్కు మాట విని తీర్పు చెప్పకు. నా మాట కూడా విను.

అనసూర్య ఎనిమిది పాసయింది. తొమ్మిదిలో లెక్కలు రెండు రకాలట. జనరల్ లెక్కలు సులువు, కాంపోజిట్ లెక్కలు కష్టం. కాంపోజిట్ చదివితేనే పది అయినాక హనుమకొండ కాలేజీలో లెక్కల చదువు దొరుకుతుందట. బడి తెరిచేలోపల ఏదో ఒకటి చెప్పాలి. నేను జనరలే అని చెప్పి పంపాను. మర్నాడే ఆ టీచరమ్మ మిట్ట మధ్యాహ్నం గొడుగు వేసుకొని మన గడప ఎక్కింది.

పీట వేశాను, మంచినీళ్లిచ్చాను. మర్యాదకు తక్కువ చేయలేదు. అవ్వా, ఈ పిల్లకు లెక్కలంటే పాణం, జనరల్‌ల ఏసి దాని తొవ్వ మూయకు అన్నది. నేను ఊరుకుంటానా? నువ్వు బడి కాడ పంతులమ్మవు గని మా ఇంట్ల కాదు, కాంపోజిట్ పోరగాండ్లకు పొద్దుగాలనే స్పెషల్ క్లాసులు పెడ్తవు, గప్పుడు అది నాతోని అచ్చు అతుక రావాలె, నీ లెక్కలొచ్చి అతుకుతయా అని అడిగాను. గొడుగు మరిచిపోయి వెళ్లింది. మళ్లీ వాపసు వచ్చి తీసుకపోయింది. చదువుకున్నవాళ్లకు ఇదొక జబ్బు, ఎదుటివాళ్ల పొయ్యి మీద ఏమున్నదో చూడకుండానే ఉప్పు ఎంతెయ్యాలో చెప్తారు.

మరమగ్గాల దగ్గర ఉండి నువ్వు మరిచిపోయావేమో. మన చేతిమగ్గం మీద పాత పడుగు అయిపోతే, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటీ పట్టి, వేళ్లకు బూడిద అద్దుకొని, పాత కొసలకు మెలిపెట్టి అచ్చు అతకాలి. నేతగాడు మగ్గం ఎక్కకముందే ఆ పని తెమలాలి, లేకుంటే అతని పూట పోతుంది. ఈ వాడలో ఎవరి అచ్చు అతకాలన్నా పోశవ్వకే పిలుపు. నేను వేసిన మెలి ఊడిందన్న మొగోడు ఇంకా పుట్టలేదు. పిల్ల నా పక్కన కూర్చొని నేర్చుకుంటున్నది. చేతిపని నేర్పితే అది కూడా తప్పేనా?

నేను బలవంతం చేశానని ఆ టీచరు రాసి ఉంటుంది. శుద్ధ అబద్ధం. కాంపోజిట్ వద్దన్నది అనసూర్యే. తనకు లెక్కలు తలకెక్కవని, తప్పితే నలుగురిలో ఇజ్జతు పోతుందని నాతో తనే అన్నది. ఈ మాట తన చేతితోనే రాస్తున్నది, చూసుకో. కాబట్టి జనరలే అని నువ్వు టీచరుకు ఒక కార్డు రాయి. కన్నతండ్రి మాటంటే ఆ టీచరమ్మ మారు మాట్లాడదు.

ఇట్లు,
మీ మేలు కోరే తల్లి
పోశవ్వ (వేలిముద్ర నిశాని)

మరొక మాట: ఇక్కడి నుంచి చేతిరాత మారింది, చూశావా? ఇది పక్కింటి లక్ష్మీనర్సయ్య రాస్తున్నాడు.

పైదంతా రాయించినాక నాకు అనుమానం పుట్టింది. చదువొచ్చిన పిల్ల, చదువురాని ముసలిది. మా బాపమ్మ అబద్ధమాడుతాంది నాయినా అని రాసుకున్నా నాకేం తెలుస్తుంది? పిల్లను నీళ్లకు పంపి, కాగితం కొంగు కింద పెట్టుకొని ఇతని ఇంటికి వచ్చాను. జర చదివిపెట్టు తమ్మీ, ఒక్క ముక్క ఇడువకు అన్నాను. చదివాడు.

ఒక్క మాట మార్చలేదు, కొడుకా. తనకు లెక్కలు తలకెక్కవని కూడా నేను చెప్పినట్టే రాసిపెట్టింది. నిజంగ గట్లన్నదా అక్కా పిల్ల అని లక్ష్మీనర్సయ్య అడిగాడు.

అది అట్లా అనలేదు. కాంపోజిట్ కావాలని ఏడ్చింది, నేను కసిరితే ఊరుకున్నది. నా కండ్లకు పొరలు కమ్మినయి రాజమల్లూ. పోగు కనబడదు. దవాఖానకు పోతే వాడకంతా తెలుస్తుందని పోలేదు. పోయిన చలికాలం నుంచి అచ్చులు అతికేది అనసూర్య. నేను పక్కన కూర్చొని, గట్టిగ మెలెయ్యవే అని అదిలిస్తుంటే, చూసేవాళ్లు ముసలిది పని నేర్పుతున్నదనుకుంటున్నారు. పేరు నాది, వేళ్లు దానివి. ఆ పేరు నిలుపుకోవడానికి తెలివైన పిల్లను మొద్దును చేశాను, ఆ మాట దాని చేతనే రాయించాను. ఆఖరికి దాన్నే దొంగ అనుకున్నాను.

ఈ కాగితం చింపి కొత్తది రాద్దామక్కా అన్నాడు ఇతను. వద్దన్నాను. నా సిగ్గు నా కొడుకు చూడాలి.

నువ్వు టీచరుకు కాంపోజిట్ అనే రాయి. రేపు టీచరమ్మ దగ్గరికి పోయి నేనూ అదే చెప్తాను. అచ్చులకు ఇంకొకరిని చూసుకొమ్మని వాడలో చెప్తాను, నా కండ్ల సంగతి కూడా దాచను. నూలు కండెలు చుట్టడానికి కండ్లు అక్కర్లేదు, నా తిండికి ఫికర్ పడకు.

అదుగో, అనసూర్య నీళ్ల బిందె దించి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వాకిట్లో నిలబడి, ఏంది బాపమ్మా, మళ్ల రాపిస్తున్నవ్, నేనేమన్న తప్పు రాసిన్నా అని అడుగుతున్నది. తల ఎత్తలేక, దానికి చెప్పాల్సింది నీకు రాయిస్తున్నాను.