శనివారం కవర్లు

రంగుల కొట్టు యజమానినైన నేను, అరవై తొమ్మిదేళ్ళ వయసులో, మోకాళ్ళు తప్ప మిగతా అవయవాలన్నీ చెప్పిన మాట వింటుండగా, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా, స్వబుద్ధితో స్వయంగా రాసుకుంటున్న వీలునామా ఇది. మతి స్థిరంగా ఉందని డాక్టరు ఇచ్చిన చీటీ జతపరిచాను. మొన్న మార్చి దాకా నేనెంత తెలివితక్కువవాణ్ణో ఏ డాక్టరూ రాసివ్వలేదు కనుక ఆ సంగతి కింద నేనే రాస్తున్నాను. ఇంతకు ముందు రాసిన వీలునామా, అంటే కోపంలో రాసినది, ఇందుమూలంగా రద్దు.

1. నా సొంతమైన కొట్టు, గోడౌను, సరుకు, కొట్టు పైనున్న ఇల్లు నా తదనంతరం నా ఏకైక కుమార్తెకు సర్వహక్కులతో చెందవలెను. జనవరిలో వాళ్ళమ్మ పోయాక వచ్చి కూర్చుంది, అప్పుడే నాకంటే బాగా నడుపుతోంది. ఈ మాట ఎదురుగా అనలేక ఇక్కడ రాశాను.

2. కొట్టు లెక్కల ఫైలు కూడా అమ్మాయిదే. దీనికి వేరే నిబంధన ఎందుకంటే, ఆ ఫైలు నా భార్యది. పద్దెనిమిదేళ్ళు ప్రతి బిల్లూ ఆమే కంప్యూటర్లో ఎక్కించింది. ప్రతి పద్దు పక్కనా వివరం రాసే చిన్న గడి ఉంటుంది. నేనైతే ఖాళీగా వదిలేసేవాణ్ణి. ఆమె రాసేది. "లేత పసుపు. పుట్టబోయే బిడ్డ గదికి." "మళ్ళీ అదే తెలుపు. ఆయనకు నచ్చలేదు, ఆవిడకు చెప్పే ధైర్యం లేదు." "వాన. బేరాల్లేవు. ఈయన కౌంటరు మీదే కునుకు."

3. ఆ ఫైలును భద్రం చేసే పని మాత్రం నాదని ఆరేళ్ళుగా మురిసిపోయాను. రోజూ షట్టరు దించే ముందు పెన్‌డ్రైవు గుచ్చి, తెర మీది లెక్కల బొమ్మను అందులోకి కాపీ చేసి, జేబులో వేసుకునేవాణ్ణి. ఆమె ఏదో చెప్పబోయేది. నాకు తెలుసులే అనేవాణ్ణి. ఆమె నవ్వి ఊరుకునేది. మార్చిలో పైన పైపు పగిలి కంప్యూటరు నిలువునా తడిసింది. నేను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పెన్‌డ్రైవు తీసి ఇచ్చాను. కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి చూసి, "బాబాయ్, ఇందులో లెక్కల్లేవు. లెక్కలు తెరిచే గుర్తు ఒక్కటే ఉంది. ఇన్నాళ్ళూ దాన్నే కాపీ చేశారు" అంది. పన్నుల వాళ్ళకు ఏం చెప్పాలన్నది తర్వాతి సంగతి. ఆమె రాసిన మాటలు పోయాయి.

4. ఇక తమ్ముడి విషయం. తొమ్మిదేళ్ళ క్రితం పంపకాల్లో రంగులు కలిపే యంత్రం నేనే అట్టిపెట్టుకున్నాను. వాడు వీధికి అవతలి పక్క కొట్టు పెట్టాడు. అప్పట్నుంచి మాటల్లేవు. పైపు పగిలిన మూడో రోజు మరదలు మా మెట్లెక్కి వచ్చి ఒక బిస్కెట్ల డబ్బా నా ముందు పెట్టింది. "ఇవి అక్కవి, బావగారూ" అంది. అందులో రెండు కవర్లు, ఒక్కోదాన్లో ఒక పెన్‌డ్రైవు. అంటించిన అంచు మీద అడ్డంగా నా భార్య సంతకం. మేం మొహాలు తిప్పుకుని తిరిగిన ఆ తొమ్మిదేళ్ళూ తోడికోడళ్ళిద్దరూ ప్రతి శనివారం దర్జీ కొట్లో కలుసుకుని కవర్లు మార్చుకున్నారట. కొత్తది ఇచ్చి, పాతది తీసుకోవడం. అన్నీ ఒకే కప్పు కింద ఉండకూడదని నా భార్య పట్టుదల. ఆమె కుట్టుమిషను సొరుగు తెరిచి చూస్తే, తమ్ముడి కొట్టు లెక్కలు రెండు కవర్లలో నా ఇంట్లోనే ఉన్నాయి.

వేలెడంత లేని వస్తువులోంచి పద్దెనిమిదేళ్ళు లేచి వచ్చాయి. ఈ ఊళ్ళో ఏ గోడ ఏ ఏడాది ఏ రంగులో ఉందో, ఎవరి కోసమో, అంతా ఉంది. ఆమె పోయాక రాసిన రెండు నెలల పద్దులు మాత్రం లేవు. అవి నేనూ అమ్మాయీ బిల్లు పుస్తకాలు చూసి మళ్ళీ ఎక్కించాం. మూడు రోజులు బేరాలు మానేసి, నోరు తెరుచుకుని ఆ తెర ముందే కూర్చున్నాను.

అంతకంటే పెద్ద వింత ఇంకొకటి. ఆ డబ్బా సంగతి తమ్ముడికి తొమ్మిదేళ్ళ కిందట, మొదటి వారంలోనే తెలిసిందట. నేను ఏ సరుకు ఎంతకు కొంటానో, ఎవరికి ఎంత తగ్గిస్తానో అంతా వాడి బీరువాలోనే ఉంది. ఒక్క కవరు విప్పితే నా బేరాలన్నీ తన్నుకుపోవచ్చు. తొమ్మిదేళ్ళలో ఒక్క సంతకమూ చెదరలేదు. వాడి కవర్లు నా ఇంట్లో ఉన్నాయని నాకు తెలిసి ఉంటే నేను విప్పేవాణ్ణి. స్వబుద్ధితో రాస్తున్నాను కాబట్టి ఇదీ రాయక తప్పదు.

5. కనుక సదరు రంగులు కలిపే యంత్రం తమ్ముడికి చెందవలెను. నీలం గొట్టం అప్పుడప్పుడూ మొరాయిస్తుంది. అరచేత్తో ఒక్కటి తగిలిస్తే దారికొస్తుంది. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా వాడిదే.

6. కుట్టుమిషను, సొరుగు తాళంచెవితో సహా, మరదలికి.

7. అమ్మాయి పాటించవలసినవి: ఫైలు కొట్లో ఒకటి, ఇంట్లో ఒకటి, బాబాయి ఇంట్లో ఒకటి ఉండాలి. బొమ్మను కాదు, లెక్కలున్న ఫోల్డరునే కాపీ చెయ్యి. నెలకోసారి ఒక కవరు విప్పి, వేరే కంప్యూటరులో తెరిచి, మీ అమ్మ రాసిన వివరం ఒక్కటి పైకి చదువు. అది వినబడితేనే భద్రంగా ఉన్నట్టు లెక్క.

8. ఆరేళ్ళ బొమ్మలున్న నా పెన్‌డ్రైవును, నన్ను సాగనంపేటప్పుడు, నా జేబులోనే ఉంచండి. ఆమె మళ్ళీ నవ్వాలి.

9. ఈ వీలునామాకు మూడు ప్రతులు. ఒకటి లాయరు దగ్గర, ఒకటి అమ్మాయి బీరువాలో. మూడోది కవరులో పెట్టి, అంటించి, అంచు మీద అడ్డంగా సంతకం చేసి, ఈ సాయంత్రం దర్జీ కొట్లో మరదలి చేతికిస్తున్నాను. నేను పోయేదాకా తమ్ముడు దాన్ని ముట్టడని నాకు తెలుసు. వీధి దాటి వెళ్ళి చెప్పడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు. అందుకని కవరు మీద నా చేత్తో రాశాను: "ఒరేయ్, దీన్ని మాత్రం ఇప్పుడే విప్పు."

మే నెల, మూడో శనివారం.

సంతకం: రంగుల కొట్టు యజమాని (వాడి అన్న)

సాక్షులు:
కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి.
నిచ్చెన అని అందరూ పిలిచే పెయింటరు. తనకేమీ రాయలేదని తెలిసే సంతకం పెట్టాడు.