ఆరని గొట్టాల్లో పసుపు రంగు

శామీర్‌పేట, 14-8-1998

చిరంజీవి స్వరూపకు బాపు ఆశీస్సులు. నా ఉద్యోగం పోలేదు. ముందు ఈ మాట అమ్మకు చదివి చెప్పు.

మా ల్యాబులో ఫ్యాక్టరీ మురుగులోని ఫినాల్ అనే విషాన్ని తినే సూక్ష్మజీవి నుంచి ఎంజైమ్‌ను శుద్ధి చేస్తున్నారు. దానికి మేతయిన రసాయనం చుక్క వేస్తే పసుపు రంగు రావాలి. రాకపోతే అది చచ్చినట్టే. రెండుసార్లు తెల్లారేసరికి చచ్చింది. మూడోసారి తొందరలో, నేను అసిటోన్ అనే ద్రావకంతో కడిగిన గాజు గొట్టాలను కొన్ని ఆరకముందే ఎంజైమ్ నింపడానికి పెట్టాను. మర్నాడు వాటిలోనే పసుపు వచ్చింది. కారణం తెలియక మా ల్యాబు పెద్ద హరిచందన మేడమ్ రెండు రోజులు తల పట్టుకున్నారు. చివరికి నేను రోజూ రాసుకునే పుస్తకం చూపించి తప్పు ఒప్పుకున్నాను.

"రెండ్రోజులు నోరెందుకు విప్పలేదు సత్తయ్యా?"

"నౌకరి పోతదని బుగులైంది మేడమ్."

"ఇకమీదట గొట్టాలు బాగా ఆరబెట్టావంటే నిజంగానే పోతుంది!" అని నవ్వేశారు.

ఇప్పుడు కావాలనే కాస్త అసిటోన్ కలుపుతున్నాం. ఆరు రోజులైనా ఎంజైమ్ బతికే ఉంది. శుద్ధి చేసే పని ఇక నన్నే చూసుకోమన్నారు. అదంతా చల్లటి గదిలో కూర్చుని చేయాలి. నా ఉన్ని శాలువా యాదగిరితో పంపండి. అవ్వ కన్ను నయమైందా? ఆమెకు నా దండాలు, నీకూ తమ్ముడికీ దీవెనలు.

బాపు