నీ రేడియో తప్పేం లేదు, చాచా

చాచా,

నువ్వు పోయాక ఈ రోజే మొదటిసారి కోరుట్లలో మీ ఇంటికి వెళ్లాను. నేను చేసిచ్చిన ఇన్వర్టర్‌కు బ్యాటరీ మార్చమని చాచీ పిలిచింది.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకుంటే చాలు, నీ రేడియోలో గుర్రుమనే మోత తప్ప ఏమీ వినిపించేది కాదు. "గీ రేడియో పాతగయింది చాచా, పారెయ్" అన్నాను. నువ్వు నమ్మావు, కానీ పారెయ్యలేదు. తెలంగాణ వార్తల వేళకు ఇన్వర్టర్ ఆపేసి, ఫ్యాన్ లేకుండా, కుట్టుమిషన్ పక్కన చెమటలు కక్కుతూ, సెల్స్‌తో నడిచే ఆ రేడియోనే వినేవాడివి.

తప్పు నాది. ఇన్వర్టర్ లోపల పుట్టే రొదను వైర్లలోకి, అక్కణ్నుంచి రేడియోలోకి పోనివ్వకుండా ఆపే కాయిల్ ఒకటి ఉంటుంది. అది లేకున్నా ఫ్యాన్ తిరుగుతుంది కదా అని నేను వెయ్యలేదు. ఈ రోజు వేశాను. పావుగంట పట్టింది, అంతే.

ఇన్వర్టర్ నడుస్తుండగానే చాచీ నీ రేడియో పెట్టింది. తెలంగాణ బిల్లు పాసైందని వార్తల్లో చెప్పారు. ఒక్క మాట కూడా తప్పిపోలేదు. చాచీ ఖాళీగా ఉన్న నీ కుర్చీ వైపు చూసి, కళ్లు తుడుచుకుంది.

"రేడియో మంచిగ చేసినవా బేటా?" అంది.

అవునన్నాను.