బొమ్మ వచ్చేలోపు

నోవై,
ఫిబ్రవరి 9, 2025.

చి. సౌ. మృదులకు అమ్మ ఆశీస్సులు. అల్లుడు అవినాష్‌కీ, మనవరాలు నైనికకీ కూడా. ఇక్కడ నేను క్షేమం. ఇది మర్యాదకి రాసే మాట కాదు, నిజంగానే క్షేమం. బీపీ బాగుంది, మోకాళ్లు బాగున్నాయి, బుర్ర మరీ బాగుంది.

ఫోన్‌లో చెబుదామంటే రిలాక్స్ అవ్వమంటూ మధ్యలోనే నా నోరు మూయిస్తావు. అందుకే ఉత్తరం. గుడి బేస్‌మెంట్‌లో ఆదివారాలు నేర్చుకున్న తెలుగే కదా, కూడబలుక్కుని చదువు.

హాల్లో అవినాష్ పెట్టిన కెమెరాలో చూశానన్నావు. టీవీ నల్లగా ఉంటే దాని ముందు కూర్చుని నేను నవ్వుతున్నానట, తలూపుతున్నానట, జవాబులు కూడా చెబుతున్నానట. అంతే! మెమరీ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ బుక్ చేశావు. మీ ప్లెయిన్స్‌బరోలో పెద్దవాళ్ల హోమ్‌లో గది చూశావు. ఈ ఇల్లు అమ్మడానికి ఏజెంట్‌తో మాట్లాడావు. నన్ను ఒక్క మాట అడిగావా? ఇన్నేళ్లు పిల్లల డాక్టర్‌గా చేశాను తల్లీ, బిడ్డ ఒంటి మీద చెయ్యి వేయకుండా ఏ జబ్బుకీ పేరు పెట్టలేదు.

అది ట్యూబ్ టీవీ. మీ నాన్న కొన్నది, ఆయన పోయినా అది పోలేదు. దాని వెనక పెద్ద గాజు బుడ్డి ఉంటుంది, ఆ బుడ్డి మెడలో ఫిలమెంట్ వేడెక్కితేనే తెర మీద బొమ్మ. మాటకి ఆ వేడితో పనిలేదు. స్విచ్ నొక్కగానే మాట వచ్చేస్తుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. కాసేపటికి మసక వెలుగు, అందులో ఎర్రగా అలుక్కుపోయిన ముఖాలు, ఆ తర్వాత మెల్లగా రంగులు కుదురుకుంటాయి. గాజు దగ్గర చెయ్యి పెడితే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. కొత్తలో చటుక్కున వచ్చేది. ఇప్పుడు ట్యూబ్ ముసలిదైంది, నేను టీ పెట్టుకుని వచ్చినా బొమ్మ రాదు. నేను విన్నాను, నువ్వు చూశావు, తేడా అంతే. ఇక జవాబులంటావా, టీవీతో మాట్లాడడం జబ్బయితే మనవాళ్ల ఇళ్లన్నీ ఆస్పత్రులే!

ఆ కెమెరాకి సౌండ్ ఎందుకు లేదో మీ ఆయన్ని అడుగు. అత్తగారు ఇంట్లో మాట్లాడుకునేవి అల్లుడు వినడం మర్యాద కాదని ఆపేశాడట, బిగించిన రోజే సిగ్గుపడుతూ చెప్పాడు. బంగారం లాంటి పిల్లాడు. అతని మర్యాద నా కొంప ముంచింది.

ఇక విను. ఆ అపాయింట్‌మెంట్ నేనే ఫోన్ చేసి క్యాన్సిల్ చేశాను. ఏజెంట్ వస్తే తలుపు తీయను. కెమెరా పీకేశాను, ఈ ఉత్తరంతో పాటే వస్తోంది. వాకిట్లో మంచు నేనే తోసుకుంటున్నాను, కార్ నేనే డ్రైవ్ చేస్తున్నాను, మొన్న పక్కింటి విద్య ఆంటీని కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది కూడా నేనే. కొత్త ఫ్లాట్ టీవీ పంపుతానన్నావు. పంపితే పెట్టె విప్పకుండా గరాజ్‌లో పడేస్తాను.

భయపడ్డావని తెలుసు. నీ భయం మీద నాకు కోపం లేదు. నన్ను అడక్కుండానే నాకు మతి పోయిందని తేల్చేశావే, అందుకు కోపం. పట్టరానంత కోపం. అయినా వేసవిలో రండి, నైనికకి ఇష్టమని ఆవకాయ ఒక జాడీ దాచాను.

ఇట్లు,
మతి నిక్షేపంగా ఉన్న మీ అమ్మ,
ప్రమోద.

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. బొమ్మ రాగానే టీవీ ఎందుకు ఆపేస్తున్నానని అడుగుతావు, అదీ చూసే ఉంటావు. నేను పెట్టేది చానెల్ కాదు, మీ నాన్న తీసిన వీడియో క్యాసెట్లు. నీ పుట్టినరోజులవి. కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది కదా, ఒక్క దాంట్లోనూ ఆయన కనపడరు. గొంతు ఒక్కటే. ప్రమోదా, ఇటు చూడమంటారు. కాస్త నవ్వమంటారు. నవ్వుతాను. తెర నల్లగా ఉన్నంతసేపూ ఆయన నా పక్కనే ఉంటారు. బొమ్మ వచ్చిందంటే నువ్వుంటావు, నేనుంటాను, కేకు ఉంటుంది, ఆయన ఉండరు. అందుకే ఆపేస్తాను. ట్యూబ్ చల్లారాక మళ్లీ పెడతాను.